దొంగ దావాకు గడప దగ్గరే అడ్డుకట్ట

ఒమన్‌లోని ఇబ్రాలో కూలి చేసుకునే తెలుగువాడి పొలంపై ఊళ్లో ఎవరో దొంగ దావా వేశారనుకుందాం. జవాబివ్వాలంటే సెలవు, టికెట్ ఖర్చు. లేదా మన రాయబార కార్యాలయం ద్వారా పవర్ ఆఫ్ అటార్నీని ధ్రువీకరింపజేసి పంపాలి. కేసు ఓడినా, వేసినవాడి కక్ష తీరినట్టే.

అడ్డుకునే చట్టం లేక కాదు. మద్రాసు నుంచి వచ్చిన చెంగల్వరాయ నాయుడు కేసు చూడండి. వేలంలో యజమాని కోసం ఆస్తి కొన్న గుమాస్తా, దానిపై హక్కు వదులుకుంటూ పత్రం రాసిచ్చాడు. తర్వాత ఆ పత్రాన్ని దాచి, పంపకాల దావా వేసి డిక్రీ పొందాడు. నిజం చెప్పాల్సిన బాధ్యత వాదికి లేదంది హైకోర్టు! 1993లో సుప్రీంకోర్టు ఆ మాటను కొట్టేసింది: మోసంతో తెచ్చుకున్న డిక్రీ చెల్లదు.

సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 7 రూల్ 11 కింద, దావాకు కారణమే లేకపోతే విచారణకు ముందే తిరస్కరించవచ్చు. 1977లోనే సుప్రీంకోర్టు జస్టిస్ కృష్ణయ్యర్ ఈ అధికారాన్ని వాడమని కింది కోర్టులకు గట్టిగా చెప్పారు.

లోపం పరిహారంలో ఉంది. అదే కోడ్ సెక్షన్ 35ఎ కింద తప్పుడు దావాకు గరిష్ఠ పరిహారం 3,000 రూపాయలే. వాణిజ్య వివాదాలకు 2015 చట్టం ఆ పరిమితిని తీసేసింది. రైతు పొలానికీ పార్లమెంటు ఆ రక్షణ ఇవ్వాలి.