నావికుని చేతి కాగితమును మరల చదువవలెను

రేణిగుంట జంక్షనునుండి మద్రాసు వైపునకును, గూడూరు వైపునకును, కడప, గుంతకల్లు మీదుగా బొంబాయి వైపునకును పోవు రైలుమార్గములు మా ప్రాంతపు యువకులను ఎన్ని తరములుగనో సైన్యములోనికి, నౌకాదళములోనికి చేరవేయుచున్నవి. వారిలో పదునైదేండ్ల కొలువు ముగించి, పెన్షను పుస్తకముతోను, క్యాంటీను కార్డుతోను, ఊరివారి మన్ననతోను తిరిగివచ్చువారిని గూర్చి పత్రికలు అప్పుడప్పుడు వ్రాయుచునే యున్నవి గాని, ఆ గడువునకు ముందుగనే, ఒక కాగితముపై వ్రాయబడిన ఒక్క వాక్యము కారణముగా వట్టి చేతులతో రైలు దిగివచ్చినవారిని గూర్చి వ్రాసినవారు అరుదు. ఆ కాగితమే డిశ్చార్జి సర్టిఫికెట్టు. అందలి కారణమును మార్పుడని గాని, మార్పకున్నను మరల ఒకసారి పరిశీలింపుడని గాని ఒక మాజీ నావికుడు పెట్టుకొను అర్జీని వినుటకే ఏర్పడిన మండలి యొకటి ఈ దేశమున ఉండవలెననియు, అది లేకపోవుట అన్యాయమనియు నేను దృఢముగా నమ్ముచున్నాను.

కొలువునుండి తొలగించు మార్గములు నౌకాదళమున పలువిధములు. శిక్షగా డిస్మిస్ చేయుట యొకటి; సేవలు ఇక అవసరము లేవని పంపివేయుట మరియొకటి; అనర్హుడని, అనారోగ్యవంతుడని పంపుట వేరొకటి. చదువువానికి ఇవి కార్యాలయపు భేదములుగ తోచును గాని, ఇంటికి చేరినవాని బ్రదుకంతయు వీని మీదనే ఆధారపడియుండును. డిస్మిస్ అయినవానికి వెనుకటి సేవకు పెన్షను సామాన్యముగా దక్కదు. కేంద్రప్రభుత్వోద్యోగములలో మాజీ సైనికులకు గ్రూపు-సి యందు నూటికి 10 కేటాయింపు కలదు గాని, దుష్ప్రవర్తన వలననో, అసమర్థత వలననో పంపివేయబడినవాడు 1979 నాటి నియమముల ప్రకారము మాజీ సైనికుడే కాడు. రైల్వే గేటు కాపలాకు పోయినను, ఫ్యాక్టరీ వాకిట సెక్యూరిటీ గార్డు పనికి పోయినను మొట్టమొదట అడుగబడునది ఆ కాగితమే. ముప్పదేండ్లకు చేరకమునుపే ఒకని నుదుట ఇట్టి ముద్ర వేసిన రాజ్యము, ఆ ముద్ర సరియైనదో కాదో అడుగుటకు అతనికి ఒక తలుపైనను తెరచియుంచవలదా?

మా రేణిగుంటకు దాపున నున్న పల్లెనుండి మాజీ నావికుడొకడు కొంతకాలము క్రిందట తన అర్జీని తప్పులు దిద్దుటకై నాయొద్దకు తెచ్చెను. అతని పేరును, ఊరును, అతడు పనిచేసిన ఓడను ఇచ్చట చెప్పను. ప్లాస్టిక్కు కవరులో మడతలు పడి, మడతల వెంబడి చినిగి, వెనుకవైపున టేపు అంటింపబడిన ఆ సర్టిఫికెట్టులో చేరిన తేదీయు, ఎత్తును, ఛాతీ కొలతయు, ఎడమ మోచేతి పుట్టుమచ్చయు ఎంతో శ్రద్ధతో వ్రాయబడియున్నవి. కారణము అను గడిలో మాత్రము నాలుగు మాటలు కలవు. ఎనిమిదేండ్ల సేవ ఆ నాలుగు మాటలలో ముగిసినది. అతడు చెప్పిన వృత్తాంతము సామాన్యమైనదే: వేరుశనగ పంట వరుసగా పోయినది, బోరుబావికి చేసిన అప్పు నిలిచినది, తండ్రి మంచము పట్టినాడు, సెలవు ముగిసినను అతడు నలుబది దినములకు గాని ఓడ చేరలేదు, అంతకు మునుపే రెండు చిన్న శిక్షలు కాగితములపై ఉన్నందున ఈ మూడవది కడపటిది ఆయెను. “నేను తప్పు చేయలేదని అనను సార్. ఎందుకు చేసినానో ఒక తూరి ఎవురన్నా ఇనమనండి” అని అతడనిన మాట అర్జీలో ఎచ్చటను లేదు. అర్జీ నిండ ఉన్నవి మూడు పుటల ప్రార్థనలు, పాదాభివందనములు, కుటుంబపు దీనస్థితి వర్ణనలు.

ఆ ప్రార్థనలన్నియు తీసివేయుమని నేను చెప్పితిని. ఇట్టి అర్జీకి బలము దయనీయతలో లేదు, తేదీలలో కలదు. తండ్రి ఆసుపత్రిలో చేరిన నాటి చీటీ, ఊరినుండి పంపిన తంతి, సెలవు పొడిగింపుమని వ్రాసిన ఉత్తరపు నకలు, తిరిగి చేరినపుడు అధికారి యెదుట ఇచ్చిన వాఙ్మూలము, ఆ తరువాతి యిన్నేండ్లలో ఊరిలో అతడెట్లు మెలగెనో చెప్పగల సర్పంచి పత్రము, ఇవి వరుసగ పెట్టబడిననే చదువువాడు నిర్ణయించుటకు వీలగును. చదువువాడును కొన్ని ప్రశ్నలు తనకు తానే వేసికొనవలెను. తొలగించుటకు ముందు సంజాయిషీ అడిగిరా? మునుపటి శిక్షలు ఎట్టివి, ఎంత కాలము క్రిందటివి? వైద్యుడు మనస్సును కూడ పరీక్షించెనా, లేక దేహమునే చూచి పంపెనా? ఇదే తప్పు చేసిన తోడి నావికులకు ఏమి జరిగెను? ఈ ప్రశ్నలు వేసిన పిమ్మట కూడ అర్జీ త్రోసివేయబడవచ్చును. నా యెదుట నున్న ఆ మనిషి అర్జీ నెగ్గవలెనని నేను చెప్పజాలను. అతని కథలో రెండవ పక్షమును నేను వినలేదు. కాని ఆ రెండు పక్షములను ఒక బల్లపై నుంచి చదివినవారెవరును ఇంతవరకు లేరనుటయే నా మనసును కలచివేయుచున్నది.

ఇది క్రొత్త సమస్య కాదు. మన నౌకాదళ చరిత్రలో మిక్కిలి ప్రసిద్ధమైన ఘట్టము ఈ సమస్యతోనే ముగిసినది. 1946వ సంవత్సరము ఫిబ్రవరి 18వ తేదీని, బొంబాయిలోని ‘తల్వార్’ అను సంకేత శిక్షణస్థావరమున, తినరాని తిండికిని, కూలీల బిడ్డలని తూలనాడు కమాండరు కింగు దుర్భాషలకును సహింపజాలక నావికులు భోజనము నిరాకరించి పని మానివేసిరి. గోడలపై స్వాతంత్ర్య నినాదములు వ్రాసినందుకు వారి సహచరుడు బి.సి.దత్తు అంతకుమునుపే నిర్బంధింపబడియుండెను. ఎం.ఎస్.ఖాన్ అధ్యక్షుడుగా, మదన్ సింగు ఉపాధ్యక్షుడుగా సమ్మెసంఘ మేర్పడెను. కరాచీలోని ‘హిందుస్థాన్’ ఓడకును, మద్రాసుకును, కొచ్చికిని, మన విశాఖపట్టణమున నేటికిని ఆ పేరుతోనే నిలిచియున్న ‘సర్కార్స్’ స్థావరమునకును ఆ సమ్మె ప్రాకినది. 78 ఓడలు, 20 తీరస్థావరములు, సుమారు 20,000 మంది నావికులు పాల్గొనిరని చరిత్రకారులు సాధారణముగ చెప్పుదురు. తెల్ల నావికులతో సమానమైన జీతమును, ఆజాద్ హింద్ ఫౌజు ఖైదీల విడుదలను, ఇండోనేషియానుండి భారత సైన్యముల ఉపసంహరణను వారు కోరిరి. కక్షసాధింపు లేకుండునట్లు చూతుమని సర్దారు పటేలు ప్రభృతులు ఇచ్చిన హామీపై 23వ తేదీని వారు లొంగిపోయిరి. హామీ నిలువలేదు. 476 మంది కొలువు కోల్పోయిరి. మరుసటి సంవత్సరమే స్వాతంత్ర్యము వచ్చినను, వారిని భారత నౌకాదళము గాని, పాకిస్తాను నౌకాదళము గాని తిరిగి పిలువలేదు.

తరువాత గౌరవము రాకపోలేదు. 1972లో ఆరంభమైన స్వాతంత్ర్య సమరయోధుల పెన్షను పథకపు పరిధిలో నౌకాదళపు ఆ తిరుగుబాటును కూడ చేర్చిరి. 2001లో బొంబాయి కొలాబాలో స్మారక మొకటి వెలసినది. దత్తు, మదన్ సింగుల పేర్లు నౌకాదళపు టగ్గు పడవలకు పెట్టబడినవి. 2022 రిపబ్లిక్ దినోత్సవమున నౌకాదళ శకటముపై ఆ తిరుగుబాటే ప్రదర్శింపబడినది. ఇదంతయు మెచ్చదగినదే. అయితే ఇరువదేండ్ల వయస్సున ఓడనుండి దింపబడి, ఏ కంపెనీ గుమ్మము వద్దను నిలువనీయబడని యువకునికి, తల నెరసిన పిదప వచ్చు పెన్షను అతని యౌవనమును తిరిగి ఈయగలదా? స్వతంత్రభారతము 1947లోనే ఒక మండలిని కూర్చుండబెట్టి, ఆ 476 కాగితములను ఒక్కొక్కటిగ చదివించియుండినచో, విశాఖలో ఒకనికి, రత్నగిరిలో ఒకనికి, పంజాబులో ఒకనికి జీవితము మరియొక తీరుగ నడచియుండెడిది.

విచిత్రమేమనగా, అదే 1946లో అమెరికా దేశమున ఆ పని జరిగినది. సైనికుల సేవాపత్రములలోని తప్పులను దిద్దుటకై ఒక్కొక్కని పేర ఒక్కొక్క ప్రత్యేకపు బిల్లును ప్రవేశపెట్టుట అక్కడి కాంగ్రెసునకు భారము కాగా, ఆ పనిని సైనికేతరులైన సభ్యులతో కూడిన మండలులకు అప్పగించుచు శాసనము చేసిరి. నౌకాదళమున కట్టి మండలి నేటికిని కలదు. పత్రములో తప్పు గాని, అన్యాయము గాని ఉన్నదని తోచినచో దానిని దిద్దు అధికారము దానికి కలదు. అంతకు రెండేండ్ల ముందటి 1944 శాసనమే డిశ్చార్జి సమీక్షకు వేరొక సంఘమును ఏర్పరచి, పదునైదేండ్లలోపల ఎప్పుడైనను అర్జీ పెట్టుకొను హక్కు నిచ్చినది. వియత్నాం యుద్ధమున మనస్సు చెదరి, ఆ చెదరిన మనస్సుతోనే తప్పులు చేసి తొలగింపబడినవారి అర్జీలను ఉదారదృష్టితో చూడవలెనని 2014లో అక్కడి రక్షణశాఖామాత్యుడు చక్ హేగెలు ఆదేశించెను. అక్కడను న్యాయము పరుగెత్తి రాలేదన్నది నిజము. 1944 జూలై 17న కాలిఫోర్నియాలోని పోర్ట్ చికాగో రేవులో మందుగుండు ప్రేలి 320 మంది మరణించిన పిమ్మట, తిరిగి ఆ పనికే పొమ్మనిన నిరాకరించిన 258 మంది నల్లజాతి నావికులలో 50 మందిని తిరుగుబాటుదారులని శిక్షించిరి. సరిగా 80 ఏండ్లకు, 2024 జూలై 17న, నౌకాదళము 256 మందిని నిర్దోషులుగా ప్రకటించినది. అప్పటికి వారందరును గతించిరి. అంతకు మునుపు 1999లో వారిలో ఒకనికి అధ్యక్షుడు క్లింటను క్షమాభిక్ష పెట్టియుండెను. కాని క్షమింపబడినవాడు నేరము చేసినవాడుగనే మిగులును. మా పల్లె నావికుని మూడు పుటల ప్రార్థనలు నాకు నచ్చకపోవుటకు కారణ మిదియే.

మన దేశమున మార్గమే లేదని నేననను. 2007 శాసనము ననుసరించి సాయుధదళముల ట్రిబ్యునళ్ళు 2009లో పని ప్రారంభించినవి. మాకు దగ్గరిది చెన్నైలోనిది. రేణిగుంటలో సప్తగిరి ఎక్కి, పుత్తూరు, తిరుత్తణి, అరక్కోణముల మీదుగా పోయి, వకీలును వెదకి, వాయిదాకొకసారి కూలి పోగొట్టుకొనగల శక్తి ఉన్నవానికి అది తెరచియే యున్నది. అయితే తుది ఉత్తరువునాటినుండి ఆరు నెలలలో రావలెనని ఆ శాసనపు 22వ ప్రకరణము గడువు పెట్టినది. తగిన కారణము చూపినచో ఆలస్యమును మన్నింతురు గాని, ఆ కారణము చూపుటయే ఒక వ్యాజ్యమగును. పెన్షను విషయమున 2008లో తర్సేం సింగు వ్యాజ్యమునందు సుప్రీంకోర్టు, నెల నెల జరుగుచున్న అన్యాయమునకు ఆలస్యము అడ్డు రాదనియు, బకాయి మాత్రము మూడేండ్లకు పరిమితమనియు చెప్పినది. తొలగింపు ఒక్కనాటి కార్యమని చట్టము తలచును. ఆ కాగితము చూపిన ప్రతి గుమ్మమునొద్దను అది మరల జరుగుచున్నదని అనుభవించువాడెరుగును.

సుప్రీంకోర్టు ఇట్టి కాగితముల వెనుకకు పోయి చూచిన సందర్భములు లేకపోలేదు. వీరేంద్రకుమార్ దూబే వ్యాజ్యమున, శిక్షలను నమోదు చేయు ఎర్రసిరా పద్దులు నాలుగున్నంత మాత్రమున సైనికుని యాంత్రికముగ తొలగింపరాదనియు, సేవాకాలమును, పనిచేసిన కఠినప్రదేశములను, పెన్షనుకు ఎంత చేరువలో నున్నాడో దానిని కూడ తూచవలెననియు తీర్పు నిచ్చినది. ధరంవీర్ సింగు వ్యాజ్యమున 2013లో, చేరునాడు ఆరోగ్యవంతుడుగ నున్నవానికి తరువాత వచ్చిన వైకల్యమునకు సేవయే కారణమని భావింపవలెననియు, కాదనువారే ఋజువు చూపవలెననియు చెప్పినది. కొలువు ముగిసిన నావికులను అవసరమునకు పిలుచుటకై నిలువ దళముగ ఉంచు ఫ్లీట్ రిజర్వు పద్ధతిని 1976లో ఎత్తివేయుటచే నష్టపడిన పాతతరపు నావికులకు ప్రత్యేక పెన్షను మార్గమును, నలుబదేండ్లు గడచిన పిమ్మట, 2016లో టి.ఎస్.దాసు వ్యాజ్యమున తెరచినది. శిక్షగా పంపబడినవారు మాత్రము అందునుండి మినహాయింపబడిరి. నలుబదేండ్ల పిదప తెరచిన తలుపు కూడ ఆ ఒక్క గడిని చూచి మూసికొనినదన్నమాట. ఆ గడిలో వ్రాత సరియైనదేనా అని అడుగు చోటు అందుచేతనే ఆవశ్యకము.

ఓడపై క్రమశిక్షణ సడలినచో తోడివారి ప్రాణములకే ముప్పని, సమీక్షలు మొదలిడినచో అధికారి మాటకు విలువ పోవునని కొందరందురు. మొదటి మాట ముమ్మాటికి నిజము. మందుగుండు గదికి కాపలా నుండవలసినవాడు త్రాగి పడియున్నచో వానిని పంపివేయక తప్పదు. రెండవ మాటను నేనంగీకరింపను. జిల్లా జడ్జి తీర్పును హైకోర్టు మార్చినందున జిల్లా జడ్జి గౌరవము తగ్గుట లేదు. ఇరువదేండ్ల క్రిందట కొలువు వీడినవాని కాగితమును నేడు దిద్దుట వలన నేడు సముద్రముపై నున్న ఓడలో ఎవడును ఆజ్ఞ ధిక్కరింపడు. దొంగతనము చేసినవానిని, తోటివానిని గాయపరచినవానిని మండలి కూడ తిప్పియే పంపును. తన మాట వినబడిన తరువాత తిరిగిపోవుట వేరు.

కావున రక్షణశాఖ చేయవలసినది ఇది. ఒక విశ్రాంత న్యాయమూర్తి, క్రింది శ్రేణులలో పనిచేసివచ్చిన ఒక మాజీ నావికుడు, ఒక మానసిక వైద్యుడు సభ్యులుగ మండలి ఏర్పడవలెను. అర్జీకి కాలపరిమితి ఉండరాదు. బకాయిని కావలసినచో మూడేండ్లకు పరిమితము చేయవచ్చును. మరణించినవాని భార్యయో, బిడ్డలో అర్జీ పెట్టుకొనవచ్చును. పెన్షను లేనివాని దస్తావేజులను కొంతకాలము గడచిన పిమ్మట నాశనము చేయు పద్ధతి మానివేసి, అర్జీదారునికి అతని సేవాపత్రముల నకళ్ళను ముందుగనే ఈయవలెను. తనపై ఏమి వ్రాయబడియున్నదో తెలియనివాడు దేనికి సమాధానము చెప్పగలడు? ఒప్పుకొనినను, త్రోసివేసినను కారణములను అర్జీదారునికి తెలిసిన భాషలో, మాకైతే తెలుగులో, వ్రాసి పంపవలెను. మండలి ఏటికొకసారియైనను ఢిల్లీ విడిచి, మాజీ సైనికులు హెచ్చుగ నున్న జిల్లాలకు రావలెను. చిత్తూరు సైనిక సంక్షేమ కార్యాలయమువారు ముందుగ జాబితా సిద్ధపరచినచో, తిరుపతి కలెక్టరు కార్యాలయములో ఒక గది, ఒక గుమాస్తా, రెండు దినముల వ్యవధి మా ప్రాంతపు అర్జీలకు చాలును.