ఆకాశానికి టిక్కెట్టు

మదనపల్లెలో బయలుదేరి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం చేరడానికి రమారమి నూరు కిలోమీటర్లు. అంతరిక్షం ఎక్కడ మొదలవుతుందయ్యా అంటే, ఎక్కువమంది వాడే లెక్క ప్రకారం అదీ నూరు కిలోమీటర్లే. కాకపోతే కుప్పం అడ్డంగా ఉన్నది, అంతరిక్షం నిలువుగా ఉన్నది.

ఈ సంగతి ఆ దారిన బస్సులో పోతూ పక్కనున్న టమేటా రైతుకు చెప్పాను. మన విజయవాడలో పుట్టిన తోటకూర గోపీచంద్ గారు 2024 మే 19న అమెరికాలోని టెక్సస్ నుంచి బ్లూ ఆరిజిన్ కంపెనీవారి రాకెట్టులో ఆ నూరు కిలోమీటర్లూ దాటి దిగివచ్చారనీ, పోనూ రానూ కలిపి పది నిమిషాలే పట్టిందనీ అన్నాను.

"పది నిమిషాలా సామీ! మన బస్సు ఇంకా ఊరే దాటలేదే!" అన్నాడాయన. కాసేపు ఊరుకుని, "సరే గానీ, పైన ఏమన్నా అయితే ఇంట్లోవాళ్లకు ఏమిస్తారంట?" అని అడిగాడు.

మనమంతా జెండా పట్టుకున్న ఫొటో చూసి మురిసిపోయామే గానీ ఈ ప్రశ్న ఎవరికీ తట్టలేదు. జవాబు వెతికితే చిత్రంగా తేలింది.

మన బస్సెక్కినవాడి వెనుక 1988 నాటి మోటారు వాహనాల చట్టం నిలబడి ఉన్నది. బండికి ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు ఉండాలి, డ్రైవరుకు లైసెన్సు ఉండాలి, ప్రమాదం జరిగితే ఇంటివారు ట్రిబ్యునలుకు పోయి పరిహారం అడగవచ్చు. "నా ప్రాణానికి నాదే పూచీ" అని ఏ కండక్టరూ మనచేత సంతకం పెట్టించుకోడు.

అమెరికాలో ఆకాశానికి పోయే శ్రీమంతుడికి ఈపాటి దిక్కు లేదు. అక్కడి చట్టం ఆయనను ప్రయాణికుడు అనను కూడా అనదు. 'అంతరిక్షయానంలో పాల్గొనేవాడు' అంటుంది. కొత్త పరిశ్రమ గదా, ఎదగనివ్వండి అని 2004లో ఒక ఏర్పాటు చేశారు. దుర్ఘటన ఏదీ జరగకముందే ఎక్కేవాడి క్షేమం కోసం నిబంధనలు పెట్టరాదని విమానయాన శాఖ చేతులు కట్టారు. ఎనిమిదేండ్లన్న గడువును పొడిగిస్తూ పొడిగిస్తూ 2028 జనవరి 1 దాకా తెచ్చారు. కింద నేలమీద ఉన్న జనానికి మాత్రం రక్షణ ఉన్నది. వాళ్ళకు హాని జరిగితే చెల్లించే స్తోమతు కంపెనీ ముందే చూపాలి.

ఇక ఎక్కేవాడు ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. వాహనం సురక్షితమని ప్రభుత్వం ధ్రువీకరించలేదనీ, ఎవరికీ తెలియని ప్రమాదాలు కూడా ఉన్నవనీ కంపెనీ ఆయనకు చెప్పాలి. తెలియని ప్రమాదం తెలిసిందని సంతకం! మన పాత కరణాలెవరూ ఇటువంటి దస్తావేజు వ్రాసి ఎరుగరు. పైగా టెక్సస్ రాష్ట్ర చట్టం ప్రకారం అట్లా సంతకం చేశాక, ఘోరమైన నిర్లక్ష్యమో, కావాలని చేసిన హానియో ఉంటే తప్ప కంపెనీ మీద దావా నిలవదు.

గోపీచంద్ గారి గది దిగేటప్పుడు మూడు పారాచూట్లలో ఒకటి పూర్తిగా విచ్చుకోలేదు. రెండింటితోనూ క్షేమంగా దిగేట్టు కట్టారు గనుక దిగారు. ఆ ఆరుగురిలో తొంభై ఏండ్ల ఎడ్ డ్వైట్ గారు కూడా ఉన్నారు. అంతకు ముందు 2022 సెప్టెంబరు 12న అదే రకం రాకెట్టు దారిలోనే చెడిపోయింది. మనుషులు లేని యాత్ర కావడం అదృష్టం. పై గది మాత్రం విడివడి భద్రంగా దిగింది. అంటే ఇంజనీర్లు శ్రద్ధ లేనివారని నేననడం లేదు. వాళ్ళ శ్రద్ధను బయటివాడెవడైనా సరిచూస్తున్నాడా అన్నదే ప్రశ్న.

"డబ్బున్నవాడు, తెలిసి పోతున్నాడు, మనకెందుకండీ?" అనేవారున్నారు. 2001లో మొదటి యాత్రికుడు డెన్నిస్ టీటో సుమారు రెండు కోట్ల డాలర్లు ఇచ్చాడన్నారు. అటువంటివారి మీద జాలి పడడం కష్టమే. కాని డబ్బు పెట్టినవాడొక్కడే ఎక్కడు. చీరాలలో పుట్టిన బండ్ల శిరీష గారు 2021 జూలై 11న వర్జిన్ గెలాక్టిక్ వాహనంలో వెళ్ళింది టిక్కెట్టు కొని కాదు, ఆ కంపెనీ ఉద్యోగినిగా. అదే కంపెనీ కోసం 2014 అక్టోబరు 31న కాలిఫోర్నియాలో పరీక్షిస్తున్న వాహనం గాలిలో ముక్కలయి సహ పైలట్ మైకేల్ ఆల్స్‌బరీ మరణించాడు. తోక భాగం గొళ్ళెం ఆయన సమయానికి ముందే తీశాడు. దర్యాప్తువారు నేరమంతా ఆయన నెత్తిన వేయలేదు. మనిషి ఒక్క పొరపాటు చేస్తే ఏమవుతుందో వాహనం కట్టినవారు ఆలోచించలేదని తేల్చారు.

ఇదే వ్యాపారం సముద్రంలోనూ జరిగింది. టైటానిక్ శిథిలాలు చూపిస్తామని మనిషికి రెండున్నర లక్షల డాలర్ల ధర పెట్టిన టైటన్ అనే పడవ 2023 జూన్ 18న నీటి అడుగున నలిగిపోయి అయిదుగురు పోయారు. ఏ సంస్థా దాన్ని పరీక్షించి ముద్ర వేయలేదు. అక్కడా సంతకాలే. పోయినవారిలో తండ్రి వెంట వెళ్ళిన పందొమ్మిదేండ్ల కుర్రవాడున్నాడు. ఆ చావులు తప్పించదగినవేనని అమెరికా తీర రక్షక దళం 2025 ఆగస్టులో నివేదిక ఇచ్చింది.

రాకెట్ల విషయంలో 2028 వరకు వ్యవధి ఉన్నది. గడువు మరొక్కమారు పొడిగించండి అంటూ కంపెనీలవారు ఆ లోపల రాకమానరని నా అనుమానం.