టైరు పక్కన ఉబ్బు వస్తే మార్చవలసిందే

ఆసుపత్రి పత్రికలో టైరు సంగతేమిటని అనుకోకండి. నొప్పులు పడుతున్న తల్లిని, గుండెనొప్పి వచ్చిన పెద్దాయనను చాలామంది కారులోనే తీసుకొస్తారు. ఆ టైర్లు మీరెప్పుడైనా పరీక్షగా చూశారా?

కారు గుంతలో గట్టిగా పడితే టైరు రిమ్ముకూ గుంత అంచుకూ మధ్య నలిగి, సైడు భాగంలోని దారాలు తెగుతాయి. పైన రబ్బరు బాగానే ఉంటుంది. తెగినచోట లోపలి గాలి బయటకు తోసి బుడిపెలా ఉబ్బుతుంది. మా నర్సులకు చూడగానే హెర్నియా గుర్తుకొస్తుంది. హెర్నియాకు ఆపరేషను ఉంది, దీనికి లేదు.

"గుండీలు ఇంకా అరగలేదు, లోపల గేటరు వేసి నడుపుదాం" అంటారు. నేలను తాకే భాగంలో మేకు దిగితే పంక్చరు వేయవచ్చు. సైడు భాగం చక్రం తిరిగిన ప్రతిసారీ వంగి లేస్తుంది, అక్కడ వేసిన అతుకును నమ్మలేం. నిండు బరువుతో, ఎండలో, వేగంగా పోయేటప్పుడు ఒక్కసారిగా పగలవచ్చు.

పైపైన గీత పడితే కంగారు అక్కరలేదు. గీతలో దారాలు కనబడినా, ఉబ్బు వచ్చినా వెంటనే స్టెప్నీ వేసుకొని కొత్త టైరు కొనండి. డబ్బు కష్టమే, నాకు తెలుసు. తీసేసిన దానిని మాత్రం స్టెప్నీగా డిక్కీలో దాచకండి. అది అవసరపడేది అర్ధరాత్రి హైవే మీదే.

ఉబ్బు లోపలివైపు కూడా రావచ్చు. ఈసారి అలైన్‌మెంటుకు కారు పైకెత్తినప్పుడు ఆ వైపు చూపించమని అడగండి.