మామిడికి కట్టిన దండెం

మీ పెరటిలో దండెం దేనికి కట్టారు? మా మామిడికి ఇనుపతీగ బిగించినవాణ్ణి నేనే. తీగ బెరడులోకి దిగి, దాని పైభాగాన మాను ఉబ్బింది. నిరుడు పూత విరగబూస్తే మురిసిపోయాను కూడా.

కన్నడ బడిలో చదివే మా అమ్మాయి అసలు సంగతి చెప్పింది. ఆకులు తయారుచేసే చక్కెర, బెరడు లోపలి పలుచని పొరలోని కణాల గుండా వేళ్లకు దిగుతుంది. కణాన్ని వాళ్లు జీవకోశమంటారు. తీగ ఆ దారిని నొక్కితే చక్కెర పైనే నిలిచి పూత హెచ్చుతుంది, వేళ్లు పస్తుంటాయి. నీరు మాత్రం కొయ్యలోని మృతకణాల గొట్టాల్లో ఎక్కుతూనే ఉంటుంది గనుక ఆకులు పచ్చగా ఉండి మనల్ని నమ్మిస్తాయి.

“మరి కొబ్బరికి గంట్లు పెట్టి ఎక్కుతారే?” అన్నాను. దాని నాళాలు వలయంగా కాక మానంతా చెదిరి ఉంటాయట.

తీగ తెంపాను. లోపల దిగిన ముక్కను లాగితే మిగిలిన పొర కూడా ఊడుతుందని వదిలేశాను. వేళ్లకు కూడు అందుతున్నదో లేదో వచ్చే వేసవికి గాని తెలియదు.