పాలపళ్లే కదా అని వదిలేస్తే...

చిత్త కార్తె వెళ్లి రెండు నెలలు తిరిగేసరికి ఏ గల్లీలో చూసినా కుక్కపిల్లల సందడే. నల్గొండ గడియారం సెంటరు చుట్టుపక్కల కాలనీలైనా, దేవరకొండ వైపు గొర్ల మందలైనా అంతే. అక్టోబరులో కట్టిన కుక్క సుమారు 63 రోజులకి పిల్లల్ని పెడుతుంది. సంక్రాంతి సెలవులకి వాటికి పాలపళ్లు మొలుస్తుంటాయి. ఇంకేం... ఒకదాన్ని ఎత్తుకొచ్చి ‘టామీ’ అని పేరు పెట్టేస్తారు మన పిల్లలు!

వచ్చిన నాటి నుంచీ దానికి ఒకటే ఆట. చెయ్యి కనబడితే కొరకడం, లుంగీ అంచు పట్టి లాగడం. ‘ఏం కాదులే, పాలపళ్లే కదా’ అని పెద్దవాళ్లు నవ్వేస్తారు. చిక్కంతా అక్కడే. ఆ 28 పాలపళ్లూ ఉగాది దాటాక ఊడటం మొదలవుతుంది. బడులు తెరిచాక జూన్, జూలైకల్లా 42 గట్టి పళ్లు వచ్చేస్తాయి. పళ్లు వాటంతట అవే మారతాయి. అలవాటు మాత్రం మనం మారిస్తేనే మారుతుంది.

అసలు పాఠం తల్లి దగ్గరే

ఒక పిల్ల గట్టిగా కొరికితే రెండోది కుయ్యిమని అరిచి ఆట మానేస్తుంది. ‘గట్టిగా కొరికితే ఆట ఉండదు’ అని అలా తెలుస్తుంది. అందుకే ఎనిమిది వారాలు నిండేదాకా, అంటే ఇంచుమించు శివరాత్రి వరకూ, పిల్లని తల్లి నుంచి విడదీయకూడదు. ముందే తెచ్చుకుంటే ఆ పాఠం మనమే చెప్పుకోవాలి.

ఎలా చెప్పాలి?

* పన్ను గుచ్చుకోగానే చెయ్యి విదిలించకండి. విదిలిస్తే అదీ ఆటే అనుకుంటుంది. ‘అబ్బా!’ అని చెయ్యి వదులుగా ఉంచేసి ఆట ఆపండి.
* లేచి అటు తిరగండి. అర నిమిషం దానివైపు చూడొద్దు, మాట్లాడొద్దు. తర్వాత మళ్లీ ఆడండి. రోజుకి పదిసార్లయినా ఓపికగా ఇదే చేయాలి.
* చేతికి బదులు ముడివేసిన పాత తువ్వాలు ఇవ్వండి. పళ్లు మారేటప్పుడు చిగుళ్లు సలుపుతాయి కాబట్టి దాన్ని తడిపి, ఫ్రిజ్‌లో చల్లబరచి ఇస్తే హాయిగా ఉంటుంది. పాత చెప్పు మాత్రం వద్దు. ఏది పాతదో, ఏది కొత్తదో దానికేం తెలుసు?
* మూతి మీద కొట్టొద్దు. కొడితే చేతిని చూస్తే భయం పుడుతుంది. భయపడ్డ కుక్క నిజంగానే కరుస్తుంది.
* నిద్ర చాలని కుక్కపిల్ల మరీ రెచ్చిపోయి కొరుకుతుంది. పడుకున్నప్పుడు లేపొద్దు.

ఇంట్లో అందరిదీ ఒకే మాట కావాలి. అమ్మ వద్దంటుంటే బాబాయి ‘ఉస్కో’ అని ఉసిగొల్పితే నెలరోజుల శ్రమ గంగలో కలిసినట్లే. కొరకడానికి వస్తే పరుగెత్తొద్దని, చేతులు కట్టుకుని చెట్టులా కదలకుండా నిలబడాలని పిల్లలకి నేర్పండి. పరుగెత్తేదాన్ని తరమడం కుక్క నైజం. అన్నం తింటుండగా దగ్గరికెళితే ఒళ్లు బిగబట్టి గుర్రుమంటోందా? అది ఆట కాదు. పశువుల డాక్టరుకి చూపించండి.

గాటు పడితే...

ఆటలో గీరుకుపోయినా, పన్ను దిగి రక్తం వచ్చినా నిర్లక్ష్యం వద్దు. రేబిస్ కుక్కపిల్లల నుంచి కూడా వస్తుంది. బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. వెంటనే ధారగా పారే నీళ్లతో, సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. కారం, సున్నం, ఆకు పసర్లు పెట్టొద్దు. అదే రోజు దవాఖానకి వెళ్లాలి. బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లంటూ భయపడేవాళ్లు ఇంకా ఉన్నారు. గొర్రె మెదడు నుంచి తీసిన ఆ పాత టీకా మన దేశంలో 2005 నాటికే ఆగిపోయింది. ఇప్పుడు పెద్దలకి భుజానికే ఇస్తారు. ప్రభుత్వ దవాఖానల్లో ఉచితం. డాక్టరు రాసిచ్చిన తేదీల్లో ఒక్కటి కూడా తప్పించొద్దు. నొప్పి తగ్గింది కదా అని మధ్యలో మానేస్తే మొదటికే మోసం.

కుక్కపిల్లకి మూడు నెలలు నిండగానే పశువుల దవాఖానలో రేబిస్ టీకా వేయించండి. మళ్లీ ఎప్పుడు తేవాలో అక్కడే అడిగి తేదీ రాసుకోండి. పేరు పెట్టినంత సంబరంగా ఈ పనీ చేస్తే పిల్లలకీ, టామీకీ ఇద్దరికీ క్షేమం.