మాస్కో కథలు వచ్చినవి, మరాఠీ కథలు రాలేదు

తెలుగు బాలబాలికలకు అందిన పరభాషాగ్రంథముల చరిత్రను పరిశీలించువారికి విస్మయము గొలుపు విషయమొకటి కలదు. వేలమైళ్ళ దూరమునందలి మాస్కోనగరమున అచ్చయిన కథలు సముద్రములు దాటి, విజయవాడ మీదుగా, గోదావరిఖని బొగ్గుగని కార్మికుల వాడలవరకు వచ్చి చేరినవి. కాని పెన్‌గంగకు ఆవలియొడ్డున యవత్మాల్ జిల్లాలో మరాఠీ బాలుడు చదువుకొనుచున్న కథలు ఈవలియొడ్డుననున్న ఆదిలాబాదు బాలునికి దాదాపుగా రానేలేదు. ఆవలిగట్టు సంతకు పోయి మరాఠీలో బేరమాడి వచ్చువారు, ఆ ప్రాంతముతో పెండ్లిసంబంధములు కలుపుకొనువారు ఈ జిల్లాలో నెందరో యున్నారు. కథలకు మాత్రమే ఆ నది దాటరానిదైనది.

మాస్కో గ్రంథములను గూర్చి తేలికగా మాటలాడువారితో నేనేకీభవింపను. ప్రగతి ప్రచురణాలయమును, 1982లో దానినుండి వేరుపడిన రాదుగ ప్రచురణాలయమును మన రచయితలను పిలిపించుకొని, అచ్చటనే నివాసమేర్పరచి, జీతమిచ్చి యనువాదములు చేయించినవి. వృక్షశాస్త్రవేత్తయు నవలాకారుడును అయిన ఉప్పల లక్ష్మణరావుగారు, ‘అనువాద సమస్యలు’ అను గ్రంథమునకు 1988లో సాహిత్య అకాడమీ పురస్కారము పొందిన రాచమల్లు రామచంద్రారెడ్డిగారు మాస్కోలో ఆ కొలువుచేసినవారే. భాషాంతరీకరణము పండితునికి తగని చిల్లరపని యను భావము ఆ తరమువారికి లేదు. దళసరి కాగితము, కనులకింపైన రంగుల బొమ్మలు, బీదవాడు సైతము పెట్టగల వెల, ఊరూర తిరుగు విశాలాంధ్రవారి సంచార పుస్తకశాలలు, ఇవన్నియు కలిసిననే గాని ఒక కిర్గిజ్ పల్లెలోని ఉపాధ్యాయుని కథ మన పల్లెబడి పిల్లవాని చేతికి వచ్చియుండెడిది కాదు. ఆ వెల అంత స్వల్పముగా నుండుటకు కారణము వెనుకనొక రాజ్యము ద్రవ్యము వెచ్చించుటయే. 1991 డిసెంబరులో ఆ రాజ్యము అంతరించుటతో ఆ ప్రవాహమును నిలిచిపోయినది. బాలుర గ్రంథము అంగడి లాభముమీదనే యాధారపడి బ్రదుకజాలదను సత్యము దీనివలన మనకు తెలిసియుండవలసినది.

అంతకు పూర్వమే నండూరి రామమోహనరావుగారు టామ్ సాయర్‌ను, హకల్‌బెరీ ఫిన్‌ను తెలుగు పలికించిరి. స్టీవెన్సన్ నవలను ‘కాంచనద్వీపము’గా నిచ్చిరి. పండ్రెండేండ్లు దాటి, పదునెనిమిది యింకను నిండని యా సంధివయస్సువారికి, అనగా చందమామ చాలక, పెద్దల నవల యెక్కక తపించువారికి, ఆ గ్రంథములు చేసిన మేలు ఇంతంత కాదు. తరువాత 1980లో నేర్పడిన హైదరాబాదు బుక్ ట్రస్టు, ఆపై మంచి పుస్తకమువారు ఈ కార్యభారమును వహించిరి. టోక్యోలోని వినూత్నపాఠశాల కథ ‘రైలుబడి’ పేర తెలుగున వెలసి ఉపాధ్యాయుల చేతులలో సయితము తిరిగినది. కనుమరుగైన సోవియట్ పుస్తకములు కొన్ని మరల అచ్చుపడినవి. అయినను ఆ సంధివయస్సు వారి అర మాత్రము నేటికిని దాదాపు శూన్యముగనే యున్నది. పిల్లలు చదువుట లేదని నిందించు పెద్దలు మొదట ఆ శూన్యమునకు సమాధానము చెప్పవలెను.

ఇక నా ముఖ్యమైన మాట. ఈ గ్రంథములలో పెక్కింటికి దారి ఇంగ్లీషు, లేదా రష్యను. పొరుగు మరాఠీనుండి నేరుగా తెలుగునకు దారి వేయగలవారు మన ప్రాంతమున లేరా? పాత కరీంనగరు జిల్లా వంగరలో పెరిగిన పి.వి. నరసింహారావుగారు హరినారాయణ ఆప్టే మరాఠీ నవల ‘పణ్ లక్షాంత్ కోణ్ ఘేతో’ను ‘అబల జీవితము’గా తెలిగించిరి. యమున యను బాలిక తన బ్రతుకును తానే చెప్పుకొను ఆ కథ, పదునాలుగేండ్ల బాలిక చదువదగినదని నా నిశ్చితాభిప్రాయము. అదే జిల్లాకు చెందిన సిరిసిల్ల పత్తిపాక మోహన్‌గారి ‘బాలల తాత బాపూజీ’కి 2022లో అకాడమీ బాలసాహిత్య పురస్కారము లభించినది. కావున ఇచ్చట కొరతపడినది ప్రతిభ కాదు. పని యప్పగించువారే కొరవడిరి. మరాఠీ మాధ్యమ పాఠశాలలు నేటికిని నడచుచున్న ఆదిలాబాదు జిల్లాలో ఇరుభాషలును తెలిసిన ఉపాధ్యాయులు ఎందరో కలరు. సానే గురూజీ తల్లిని తలచుకొని వ్రాసిన ‘శ్యామ్‌చీ ఆయీ’, భా.రా. భాగవతుగారి చురుకైన బాలనాయకుడు ఫాస్టర్ ఫేణే సాహసములు, వీనిని తెలుగుచేయుమని వారినడిగినవారెవరు?

ఇంతకంటె తీవ్రమైన విషయము వేరొకటి కలదు. ఉట్నూరు, జైనూరు, నార్నూరు ప్రాంతముల గోండు బాలునికి, కొలాము బాలికకు బడిలోని తెలుగు వాచకమే పరభాషాగ్రంథము. వారికి అనువాదము తెలుగులోనికి గాక తెలుగునుండి కావలయును. ఈ సంగతి నిజాము ప్రభుత్వకాలముననే గ్రహింపబడినది. 1943లో మార్లవాయిలో మానవశాస్త్రవేత్త హైమెండార్ఫు గోండు యువకులకు ఉపాధ్యాయశిక్షణ ప్రారంభింపగా, గోండీ వాచకములు దేవనాగరి లిపిలో సిద్ధమైనవి. ఎనుబదియేండ్లు గడచినవి. నార్నూరు మండలము గుంజాలలోని ప్రాచీన గోండీలిపి 2018లో యూనికోడున చోటు సంపాదించినది. అదే కాలమున ప్రథమ్ బుక్స్ వారి బాలల కథలు సీజీనెట్ స్వర అను సంస్థవారి సాయముతో గోండీలోనికి వచ్చినవి, అది మహోపకారమే. కాని అవియు దేవనాగరిలో నున్నవి గనుక, బడిలో తెలుగులిపితో అక్షరాభ్యాసమైన మన గోండు బాలుడు తన తల్లిమాటనే చదువలేక నిలుచుచున్నాడు. తొడసం కైలాస్ అను ఉపాధ్యాయుడు మహాభారతకథను గోండీలో, తెలుగులిపిలో వ్రాసి దీనికొక మార్గము చూపినారు. ఒక వ్యక్తి స్వయంకృషితో చేసిన పనిని ఒక సంస్థ ఇంకను పైకెత్తుకొనకపోవుట మనకందరకును లజ్జాకరము.

ద్రవ్యమెక్కడిది యందురేని, 1960 నాటి గ్రంథాలయ శాసనము ప్రకారము మనము చెల్లించు ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయముల కొరకు వసూలగుచునే యున్నవి. 2016లో పాత కరీంనగరు, ఆదిలాబాదుల స్థానమున ప్రధానముగా ఎనిమిది జిల్లాలు ఏర్పడినవి. ఆ జిల్లాల గ్రంథాలయ సంస్థలు కలిసికొని, పోటీపరీక్షల పుస్తకములకు వెచ్చించు ధనములో నొక చిన్న భాగమును ప్రత్యేకించి, ఏటేట కొన్ని మరాఠీ బాలగ్రంథములను తెలుగునకును, కొన్ని తెలుగు కథలను గోండీ, కొలామీలకును, ఆ భాషలు మాటలాడు ఉపాధ్యాయులచేతనే అనువదింపజేసి, వారి పేరు ముఖపత్రముపై ముద్రించి, తగిన పారితోషికమిచ్చి ప్రకటింపవలెను. ప్రతి నవంబరు 14 మొదలు జరుగు గ్రంథాలయ వారోత్సవములలో ఉపన్యాసములు తగ్గించి ఈ పుస్తకములను ఆవిష్కరింపవచ్చును. గ్రంథాలయ సంస్థల అధ్యక్షులారా, రానున్న సంవత్సరపు ఆయవ్యయపట్టికలో దీనికొక పద్దు వ్రాయుడు. పౌరులారా, మీ ఊరి శాఖాగ్రంథాలయమునకు పోయి, ఆ పద్దు వ్రాసినారాయని అడుగుడు.