నోరు నొక్కినా ఆగని ఆలోచన

1864లో తొమ్మిదో పయస్ పోపు ఖండించిన తప్పుడు భావాల జాబితాలో మతస్వేచ్ఛ కూడా ఉంది. 1965 డిసెంబరు 7న రెండో వాటికన్ మహాసభ ఆ స్వేచ్ఛనే మనిషి హక్కుగా ప్రకటించింది. ఆధునిక ప్రపంచం ఒత్తిడికి తలొగ్గే క్యాథలిక్ సంఘం ఇలా మారిందనేవాళ్లతో నేను ఏకీభవించను. మార్పుకు దారి వేసినవాళ్లు లోపలే ఉన్నారు, శిక్షలు అనుభవిస్తూ. ఫ్రెంచ్ డొమినికన్ గురువు ఈవ్ కొంగార్ 1950లో సంఘ సంస్కరణ మీద పుస్తకం రాస్తే, రోమ్ దాని పునర్ముద్రణను, అనువాదాలను అడ్డుకుంది. 1954లో పాఠాలు చెప్పనివ్వకుండా ఆయన్ను జెరూసలేం పంపేశారు. ఆయన సంఘాన్ని విడిచిపోలేదు, తొలినాటి సంఘపితరుల రచనలను తవ్వుతూనే ఉన్నారు. 1960లో ఇరవైమూడో జాన్ పోపు ఆయన్నే మహాసభ సన్నాహక వేదాంత సంఘానికి సలహాదారుగా నియమించారు. అమెరికన్ జెస్యూట్ జాన్ కోర్ట్నీ మర్రేది కూడా అదే దారి: మతస్వేచ్ఛ మీద రాయవద్దని ఆపిన మనిషి ఆలోచనే ఆ ప్రకటనకు ఊపిరైంది. కొంగార్‌కు కార్డినల్ హోదా దక్కింది 1994లో, తొంభై ఏళ్ల వయసులో. అంత ఆలస్యం ఎందుకైందో సెమినరీల్లో దాచకుండా బోధించాలి. ఇవాళ అధికారుల అనుమానాలకు గురవుతున్న వేదాంతుల పుస్తకాలను కూడా అక్కడి విద్యార్థుల చేతికివ్వాలి.